సియోల్ రాజభవనాల కొలువుకూటాలు: దేనికి వెళ్ళాలి, దేన్ని వదిలేయవచ్చు

సియోల్ నగరం నడిబొడ్డున, కొరియాను పాలించిన జోసన్ వంశపు రాజభవనాలు ఐదున్నాయి. వాటికి తోడు ఆ రాజుల పూర్వుల ఆలయం జోంగ్‌మ్యో ఉంది. ప్రతి భవనానికీ ఒక ప్రధాన కొలువుకూటం ఉంటుంది. పట్టాభిషేకం, కొత్త సంవత్సరపు కొలువు, విదేశీ రాయబారుల దర్శనం వంటివన్నీ అక్కడే జరిగేవి. ఒక్కరోజులో అన్నీ చుట్టేద్దామని బయల్దేరినవారికి మూడోదాని దగ్గరకు వచ్చేసరికి అన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతుంది. అదే రాతి అరుగు, అవే ఎర్ర స్తంభాలు, సింహాసనం వెనక అదే తెర. తప్పు కట్టడాలది కాదు, ఎంపికది. మా సలహా ఇది: ఒక కొలువుకూటాన్ని ఎంచుకోండి, దానికి జతగా జోంగ్‌మ్యో చూడండి. రాజు బతికుండగా కూర్చున్న చోటు ఒకటి, పోయాక అతని నామఫలకం ఉన్న చోటు ఒకటి. ఈ రెండూ చూస్తే మిగతావి చూడకపోయినా పెద్ద లోటు ఉండదు.

ఏ కొలువుకూటం అన్నది మీకు ఏది ముఖ్యమో దాన్నిబట్టి మారుతుంది. పేర్లలో తికమక పడకుండా ఒక మాట: పేరు చివర 'గుంగ్' ఉంటే మొత్తం రాజభవనం, 'జోన్' ఉంటే అందులోని ఒక కూటం. సూచిక పలకల మీదా అలాగే ఉంటుంది.

ముందు వారం చూసుకోండి

ఎంపికలో సగం క్యాలెండరే చేసేస్తుంది. గ్యోంగ్‌బొక్‌గుంగ్, జోంగ్‌మ్యో మంగళవారం మూసి ఉంటాయి. చాంగ్‌డొక్‌గుంగ్, చాంగ్‌గ్యోంగ్‌గుంగ్, డొక్‌సుగుంగ్ సోమవారం మూసి ఉంటాయి. సెలవు రోజున పండగ వస్తే ఆ రోజు తెరిచి, తర్వాతి పనిదినాన మూస్తారు. టికెట్టు గ్యోంగ్‌బొక్‌గుంగ్, చాంగ్‌డొక్‌గుంగ్‌లకు 3,000 వాన్లు, మిగతా మూడింటికి 1,000 వాన్లు. చాంగ్‌డొక్‌గుంగ్ వెనకున్న రాజోద్యానానికి విడిగా టికెట్టు తీసుకోవాలి, దానికి ముందే ఆన్‌లైన్‌లో సమయం ఖాయం చేసుకోవడం మంచిది. కొరియా సంప్రదాయ దుస్తులు హన్‌బొక్ వేసుకున్నవారికి ప్రవేశం ఉచితం. ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

జోంగ్‌మ్యోకు ఇంకో నిబంధన ఉంది. మామూలు పనిదినాల్లో గైడుతో పాటు గుంపుగానే లోపలికి పంపుతారు, ఇంగ్లీషు గైడు ఉండే వేళలు వేరే. శని, ఆదివారాల్లో మనంతట మనం తిరగవచ్చు. గుంపుతో వెళ్తే సుమారు గంటలో బయటికి వచ్చేయాలి. నిలబడి చూడాలనుకునేవారికి అది చాలదు, అందుకే వీలైతే వారాంతమే పెట్టుకోండి.

అన్నిటికీ ఉమ్మడిగా ఉండేవి

ఇవి ముందే తెలిస్తే తేడాలు వాటంతటవే కంటికి కనిపిస్తాయి. కూటం ముందు రాళ్ళు పరిచిన పెద్ద ముంగిలి, దాని నడుమ రాజు నడిచే బాట. బాటకు అటూ ఇటూ 12 చొప్పున చిన్న రాతి గుర్తులు. కొలువులో ఉద్యోగులు తమ హోదా ప్రకారం వీటి పక్కన నిలబడేవారు. తూర్పున పాలనాధికారులు, పడమట సేనాధికారులు. హోదాలు తొమ్మిదే అయితే రాళ్ళు 12 ఎందుకంటే, పై మూడు హోదాలకు మాత్రం పెద్ద, చిన్న అని రెండేసి రాళ్ళున్నాయి. నేలలోనూ స్తంభాల్లోనూ ఇనుప కడియాలు కనిపిస్తే అవి పందిరి తాళ్ళు కట్టేందుకని గుర్తుపట్టండి.

సింహాసనం వెనక తెర మీద ఐదు శిఖరాలు, కుడివైపు ఎర్రని సూర్యుడు, ఎడమవైపు తెల్లని చంద్రుడు, రెండు జలపాతాలు, దేవదారు చెట్లు. రాజు కూర్చున్నప్పుడే ఆ చిత్రం పూర్తయినట్టు లెక్క.

కూటాల లోపలికి మామూలుగా వెళ్ళనివ్వరు, గుమ్మం బయట నుంచే చూడాలి. చాలామంది నిరాశపడేది ఇక్కడే. ముంగిలి ఎండలో కళ్ళు చెదిరేలా వెలుగుతుంటే లోపల చీకటిగా ఉంటుంది. రెండు సెకన్లు తొంగిచూసి 'ఏమీ లేదు' అనుకుని వెళ్ళిపోతారు. చూరు నీడలో ఒక నిమిషం నిలబడండి, కళ్ళు చీకటికి అలవాటు పడతాయి. ఎదుటి గుమ్మం దగ్గర సింహాసనం చూశాక పక్క గుమ్మానికి వెళ్ళి పైకప్పు చూడండి, ఎదుటి నుంచి చూస్తే నడుమ బొమ్మలు సరిగ్గా కనిపించవు. మబ్బు పట్టిన రోజున లోపలి రంగులు ఇంకా బాగా తెలుస్తాయి.

గున్‌జోంగ్‌జోన్, గ్యోంగ్‌బొక్‌గుంగ్: వైభవం కావాలంటే

అన్నిటికన్నా పెద్దది. వెడల్పు ఐదంకణాలు, లోతు ఐదంకణాలు (రెండు స్తంభాల మధ్య ఎడం ఒక అంకణం). బయటికి రెండంతస్తులుగా కనిపిస్తుంది కానీ లోపల పై అంతస్తు లేదు, నేల నుంచి పైకప్పు దాకా ఒకటే ఖాళీ. పైన మధ్యలో రెండు బంగారు డ్రాగన్లు, వాటి కాళ్ళకు ఏడేసి గోళ్ళు. పక్క గుమ్మం నుంచి మెడ బాగా ఎత్తి చూస్తే గోళ్ళు లెక్కపెట్టవచ్చు.

1395లో కట్టిన మొదటి కూటం 1592 జపాను దండయాత్రలో కాలిపోయింది. ఆ తర్వాత సుమారు 270 ఏళ్ళు ఈ స్థలం పాడుబడి ఉంది. ఇప్పుడు మనం చూసేది 1867లో, రాజు గోజోంగ్ తండ్రి హుంగ్‌సోన్ డేవొన్‌గున్ పట్టుబట్టి మళ్ళీ కట్టించినది. అంటే అన్నిటికన్నా పేరున్న ఈ కూటం అన్నిటికన్నా పాతది కాదు.

దీని అసలు అందం కింద, రెండంచెల రాతి అరుగులో ఉంది. సియోల్ కొలువుకూటాల్లో రాతి స్తంభాల పిట్టగోడ ఉన్నది దీనికి ఒక్కదానికే. ఆ స్తంభాల తలల మీద నాలుగు దిక్కుల కాపలా జంతువులు, రాశిచక్రపు జంతువులు చెక్కి ఉన్నాయి. తూర్పున నీలి డ్రాగన్, పడమట తెల్ల పులి, దక్షిణాన ఎర్ర పక్షి, ఉత్తరాన నల్ల తాబేలు. ముందువైపు మూలల్లో పిల్లను అంటిపెట్టుకున్న జంతువుల జంటలున్నాయి. పిల్లలతో వెళ్ళేవారు ఆ మూలలు వదలొద్దు, గంభీరమైన ఈ ముంగిట్లో పిల్లలకు నచ్చేది అదే. అరుగు మీది పెద్ద ఇనుప తొట్లు నీళ్ళకు. నిప్పు భూతం వచ్చి ఆ నీటిలో తన ముఖం తానే చూసుకుని జడిసి పారిపోతుందని నమ్మేవారు. 1592లో అన్నీ కాలిపోయాయని గుర్తుంటే ఆ తొట్టి ముందు కాసేపు ఆగుతాం.

ముంగిలి రాళ్ళు నున్నగా ఉండవు. కావాలనే అలా వదిలేశారు. గరుకు రాయి ఎండను కళ్ళలోకి కొట్టదు, తోలు చెప్పులు జారనివ్వదు. మొత్తం ముంగిలి ఉత్తరం ఎత్తుగా, దక్షిణం పల్లంగా ఉంటుంది, వాన నీరు నిలవదు. చుట్టు వసారా పునాది మెట్లుమెట్లుగా దిగడం చూస్తే ఆ వాలు తెలుస్తుంది. ఫోటోకు అందరూ ఎదురుగా నడుమ నిలబడతారు, ఆ చిత్రంలో జనమే ఎక్కువ పడతారు. ఆగ్నేయ మూలకు వెళ్ళండి. అక్కడి నుంచి కూటం చూరుతో పాటు వెనక బుగాక్ కొండ, పక్కన ఇన్‌వాంగ్ కొండ రెండూ ఒకే చట్రంలో పడతాయి.

ఇబ్బంది జనం. పదకొండు దాటితే గుంపులు. తొమ్మిదికి తలుపులు తీయగానే లోపలుంటే తొలి అరగంట ముంగిలి ప్రశాంతంగా ఉంటుంది. అద్దె హన్‌బొక్ పొడవు గౌను ఈ గరుకు రాళ్ళకు చిక్కుకుంటుంది, అరుగు మెట్లెక్కేటప్పుడు కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకోవాలి. చక్రాల కుర్చీతో ఈ ముంగిలి దాటడం కష్టం. మెట్రో మూడో లైను, గ్యోంగ్‌బొక్‌గుంగ్ స్టేషను, 5వ ద్వారం.

ఇంజోంగ్‌జోన్, చాంగ్‌డొక్‌గుంగ్: ఒక్కటే చూస్తామంటే

ఒకే ఒక్క కొలువుకూటం చూసే వ్యవధి ఉంటే గున్‌జోంగ్‌జోన్ కన్నా దీన్నే చూడమంటాం. ఈ మాటకు అందరూ ఒప్పుకోరు. కానీ జోసన్ రాజులు ఎక్కువ కాలం నిజంగా పాలించింది ఇక్కడి నుంచే. గ్యోంగ్‌బొక్‌గుంగ్ బూడిదగా ఉన్న ఆ 270 ఏళ్ళలో ఎక్కువ కాలం రాజధానికి ముఖ్య భవనం ఇదే. కూటం మొదట 1405లో కట్టారు, ఇప్పటిది 1804 నాటిది. 1997 నుంచి ఈ రాజభవనం యునెస్కో జాబితాలో ఉంది.

గ్యోంగ్‌బొక్‌గుంగ్‌లో ద్వారాలన్నీ ఒకే గీత మీద ఉంటాయి, మొదటి ద్వారం నుంచే కూటం ఎటుందో తెలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు. డొన్‌హ్వామున్ ద్వారం దాటి, కుడికి తిరిగి, 1411 నాటి రాతి వంతెన దాటి, మళ్ళీ ఎడమకు తిరిగితే గాని కూటం కనపడదు. కొండ వాలు ఎటు తీసుకెళ్తే కట్టడం అటు వెళ్ళింది. కూటం ద్వారం బయటి ముంగిలి కూడా చదరంగా లేదు, ఒకవైపు ఇరుకవుతుంది. పక్కనే జోంగ్‌మ్యో కొండ వెన్ను ఉండటమే అందుకు కారణం, దాన్ని తవ్వడానికి వీల్లేదు.

వెడల్పు ఐదంకణాలు, లోతు నాలుగు. పైకప్పు మధ్యలో డ్రాగన్లు కావు, ఫీనిక్స్ పక్షుల జంట. అరుగు రెండంచెలే అయినా ఎత్తు తక్కువ, పిట్టగోడ లేదు. పైకి చూడండి: కప్పు కొప్పు మీద ఐదు ఆల్‌బుఖారా పూల గుర్తులు వరసగా ఉన్నాయి. అది 1897లో ఏర్పడ్డ కొరియా సామ్రాజ్యపు చిహ్నం. లోపల ఇంకో వింత కాలం కలిసి ఉంది. చివరి చక్రవర్తి సున్‌జోంగ్ 1907లో ఇక్కడికి మారాక కూటం పాశ్చాత్య పద్ధతికి మార్చారు. ఇటుక పలకల నేల స్థానంలో చెక్క నేల వచ్చింది, కిటికీలకు తెరలు, పైన విద్యుద్దీపాలు. జోసన్ దర్బారు రంగుల కింద వేలాడే ఆ దీపాలను చూస్తే ఒక రాజ్యం ఆఖరి రోజులు ఎలా ఉన్నాయో అర్థమవుతుంది.

హోదా రాళ్ళు మొదట పాతించింది కూడా ఈ ముంగిట్లోనే, రాజు జోంగ్‌జో 1777లో. పక్కనే ఉన్న సోన్‌జోంగ్‌జోన్ చిన్నదే గానీ తప్పక చూడాలి. నీలిరంగు మెరుపు పెంకుల కప్పుతో సియోల్ రాజభవనాల్లో మిగిలింది అదొక్కటే. మూడో లైను, ఆంగుక్ స్టేషను, 3వ ద్వారం నుంచి నడక దూరం.

మ్యోంగ్‌జోంగ్‌జోన్, చాంగ్‌గ్యోంగ్‌గుంగ్: పాత కొయ్యను చూడాలంటే

ఇది 1616 నాటిది. రాజభవనాల కొలువుకూటాల్లో మిగిలినవాటిలో ఇదే అతి పాతది, గున్‌జోంగ్‌జోన్ కన్నా 250 ఏళ్ళు పెద్దది. అయినా రద్దీ ఉండదు. చిన్నది, ఒకటే అంతస్తు, ఐదంకణాలకు మూడంకణాలు. ఈ భవనాన్ని 1484లో రాజు సోంగ్‌జోంగ్ తన నాయనమ్మ, తల్లి, పినతల్లి వరసైన రాణి, ఈ ముగ్గురి నివాసానికి కట్టించాడు. అందుకే దీనికి ఆడంబరం తక్కువ.

మిగతా కూటాలన్నీ దక్షిణం చూస్తుంటే ఇది తూర్పు చూస్తుంది. దీనివల్ల చూసేవారికి ఒక లాభం: ఉదయం ఎండ నేరుగా ముఖం మీద పడి, లోపల సింహాసనం దాకా వెలుగు వస్తుంది. మధ్యాహ్నం తర్వాత ముందువైపు నీడలో పడిపోతుంది, ఫోటోలు బాగా రావు. తొమ్మిదికే వెళ్ళండి. నేల మీద ఇటుక పలకలు ఇంకా ఉన్నాయి, ఇంజోంగ్‌జోన్‌లో తీసేసింది ఏమిటో ఇక్కడ చూసి తెలుసుకోవచ్చు.

పక్కనున్న మున్‌జోంగ్‌జోన్ ముంగిట్లో 1762లో రాజు యోంగ్‌జో తన కొడుకు యువరాజు సాడోను బియ్యపు పెట్టెలో పెట్టించాడు. కొరియన్ చారిత్రక సీరియళ్ళు చూసే తెలుగువారికి ఈ కథ కొత్త కాదు, చోటు మాత్రం చిన్నదని ఇక్కడికొస్తేనే తెలుస్తుంది. జపాను పాలనలో ఈ భవనాన్ని జంతు ప్రదర్శనశాలగా మార్చేశారు. 1980లలో జంతువులను తరలించి, పడగొట్టిన కొన్ని భాగాలను మళ్ళీ కట్టారు. చాంగ్‌డొక్‌గుంగ్ నుంచి హమ్‌యాంగ్ ద్వారం గుండా ఇటు రావచ్చు, కొత్త టికెట్టు కొనాలి. రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది.

జుంగ్‌హ్వాజోన్, డొక్‌సుగుంగ్: సాయంత్రానికి

1897లో గోజోంగ్ తనను చక్రవర్తిగా ప్రకటించుకున్నాక కట్టిన కూటం. 1902లో రెండంతస్తులుగా లేచింది, 1904లో కాలిపోయింది, 1906లో డబ్బు చాలక ఒకే అంతస్తుతో సరిపెట్టారు. రెండంచెల అరుగు మాత్రం పాత కొలతదే. అందుకే కట్టడం తన పీఠం కన్నా చిన్నదిగా కనిపిస్తుంది, చూసేవారికి అది పొరపాటులా తోస్తుంది, కారణం ఇదీ. మిగతా చోట్ల అరుగు మెట్ల నడుమ రాయి మీద ఫీనిక్స్ పక్షులుంటే ఇక్కడ డ్రాగన్లున్నాయి. కిటికీ జాలీలకు పసుపు రంగు. రెండూ చక్రవర్తి గుర్తులే. చుట్టు వసారా దాదాపు అంతా పోయి, ఆగ్నేయాన ఒక మూల ముక్క మిగిలింది. పక్కనే 1910లో పూర్తయిన పాశ్చాత్య రాతి భవనం సోక్‌జోజోన్. చీకటి పడ్డాక దీపాల్లో ఈ రెంటినీ కలిపి చూడటం బాగుంటుంది. తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది, సిటీ హాల్ స్టేషను 2వ ద్వారం పక్కనే.

ఇక గ్యోంగ్‌హీగుంగ్‌లోని సుంగ్‌జోంగ్‌జోన్‌ను వదిలేయండి. ప్రవేశం ఉచితమే కానీ అక్కడున్నది కొత్తగా కట్టినది. అసలు కూటాన్ని 1926లో ఒక బౌద్ధ ఆలయానికి అమ్మేశారు. ఆ పాత కొయ్య కట్టడం ఇప్పుడు డొంగుక్ విశ్వవిద్యాలయం ఆవరణలో ప్రార్థన మందిరంగా ఉంది. ఆసక్తి ఉన్నవారు దాన్ని చూడటమే మేలు.

జోంగ్‌మ్యో: వదలకూడనిది

ఇక్కడ సింహాసనం లేదు, బొమ్మలు లేవు, విగ్రహాలు లేవు. ఒకే కప్పు కింద 101 మీటర్ల పొడవున సాగిన కొయ్య మందిరం, దాని ముందు ఖాళీ రాతి అరుగు. అంతే. దాని పేరు జోంగ్‌జోన్. లోపల 19 గదులు, వాటిలో 19 మంది రాజులు, 30 మంది రాణుల నామఫలకాలు. చనిపోయిన రాజు ఆత్మ ఆ కొయ్య ఫలకంలో ఉంటుందని నమ్మకం.

ఈ పొడవు ఒక్కసారిగా వచ్చింది కాదు. 1395లో ఏడు గదులు. రాజులు పోయేకొద్దీ చోటు చాలక 1546లో 11 చేశారు. 1592లో కాలింది, 1608లో మళ్ళీ 11 గదులతోనే కట్టారు. 1726లో 15, 1836లో 19. ప్రతిసారీ తూర్పుకే పెంచారు. పడమటి చివర వంశకర్త తేజో, తూర్పు చివర ఆఖరి చక్రవర్తి సున్‌జోంగ్. పడమటి నుంచి తూర్పుకు నడిస్తే 500 ఏళ్ళ రాజ్యం వరసగా దాటినట్టే. గద్దె దింపిన యోన్‌సాన్, గ్వాంగ్‌హే ఇద్దరికీ ఇక్కడ చోటు లేదు.

రాజభవనాల్లో కప్పు నాలుగు వైపులా వాలి, మూలలు పైకి లేస్తాయి. దూలాల కింద రంగురంగుల కొయ్య పొందికలుంటాయి. ఇక్కడ రెండు వాలుల కప్పే, రంగులు ఎరుపు ఆకుపచ్చలే, పేరు పలక కూడా లేదు. చూడగానే 'ఇంతేనా' అనిపించవచ్చు. దగ్గరికి పరుగెత్తకుండా దక్షిణ ద్వారం పక్కనే ఆగి మొత్తం చూరును ఒక చివర నుంచి ఇంకో చివరకు చూడండి. 109 మీటర్ల వెడల్పు, 69 మీటర్ల లోతు ఉన్న అరుగు ఆ దూరం కోసమే ఉంది. రెక్కల్లా ముందుకొచ్చిన రెండు చివరలూ ఒకలా ఉండవు: తూర్పుది స్తంభాలతో తెరిచి ఉంటుంది, పడమటిది గోడలతో మూసి ఉంటుంది.

దారి మూడు పట్టీలుగా ఉంటుంది. నడుమ ఎత్తయిన పట్టీ ఆత్మలది, తూర్పుది రాజుది, పడమటిది యువరాజుది. నడుమ పట్టీ మీద అడుగు పెట్టకండి, ఫోటోకైనా సరే. పక్క ఆవరణలోని యోంగ్‌న్యోంగ్‌జోన్ కూడా చూడండి. 1421లో మొదలైన ఈ మందిరంలో 16 గదులు, 34 ఫలకాలు. నడుమ నాలుగు గదుల కప్పు మిగతావాటి కన్నా ఎత్తు, అవి తేజో నాలుగు తరాల పూర్వులవి.

2020 నుంచి జోంగ్‌జోన్ మరమ్మతులో ఉండి, 2025 ఏప్రిల్‌లో ఫలకాలు తిరిగి వచ్చాయి. పాత ప్రయాణ వ్యాసాల్లో 'మూసి ఉంది' అని చదివి మానుకోకండి. మే మొదటి ఆదివారం పెద్ద పూజ జరుగుతుంది. 64 మంది ఎనిమిదేసి వరసల్లో నాట్యం చేస్తారు. ఆ పూజకు, సంగీతానికి 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ రోజు విపరీతమైన జనం ఉంటారు. కట్టడం చూడాలంటే మామూలు శనివారం, పూజ చూడాలంటే ఆ ఆదివారం, రెండూ ఒకే రోజు కుదరవు. జోంగ్‌నో సామ్‌గా స్టేషను, 11వ ద్వారం.

కలిపి చూసేవారికి

శని, ఆదివారాల్లో పూర్తి రోజు ఉంటే: తొమ్మిదికి మ్యోంగ్‌జోంగ్‌జోన్, అక్కడి నుంచి హమ్‌యాంగ్ ద్వారం గుండా ఇంజోంగ్‌జోన్, భోజనం తర్వాత జోంగ్‌మ్యో. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి, నడకే. 1932లో జపాను పాలకులు వేసిన రోడ్డు చాంగ్‌గ్యోంగ్‌గుంగ్‌నూ జోంగ్‌మ్యోనూ విడదీసింది. 2022లో ఆ రోడ్డును సొరంగంలోకి దించి పైన మట్టి కప్పి కలిపారు. అయినా జోంగ్‌మ్యోకు దక్షిణాన ఉన్న ప్రధాన ద్వారానికే వెళ్ళేలా లెక్క వేసుకోండి.

సోమవారమైతే గున్‌జోంగ్‌జోన్, జోంగ్‌మ్యో. మంగళవారమైతే పగలు ఇంజోంగ్‌జోన్, సాయంత్రం జుంగ్‌హ్వాజోన్. రెండు గంటలే ఉంటే ఇంజోంగ్‌జోన్ ఒక్కటే. పెద్దవాళ్ళు వెంట ఉంటే డొక్‌సుగుంగ్, నడక తక్కువ. జూలైలో వానలు, ఆగస్టులో ఎండ. ఏ ముంగిట్లోనూ నీడ ఉండదు కాబట్టి గొడుగు రెంటికీ పనికొస్తుంది. జనవరిలో గడ్డకట్టిన రాళ్ళ మీద మాత్రం పట్టున్న బూట్లు కావాలి.

జోన్‌జూ వెళ్ళే పని ఉంటే అక్కడి గ్యోంగ్‌గీజోన్‌ను కూడా జాబితాలో చేర్చండి. తేజో చిత్రపటం కోసం 1410లో కట్టి 1614లో పునర్నిర్మించిన మందిరం, పాత ఇళ్ళ పేట పక్కనే ఉంది. 1592 యుద్ధంలో జోసన్ రాజుల చరిత్ర ప్రతులన్నీ కాలిపోగా ఇక్కడ దాచినవి మాత్రమే మిగిలాయి. ఆ భాండాగారం కూడా మందిరం ఆవరణలోనే చూడవచ్చు.